శుక్రవారం లోపల నా సంతకం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే నేను ముందే జాగ్రత్తపడేవాణ్ణి. నా పెళ్ళి ఇరవై మూడేళ్ళ కిందట ఒక్క పూటలో అయిపోయింది. ఈ ఇల్లు కొనడం మాత్రం ఆరు నెలలుగా అవుతూనే ఉంది. ఇంకా ఏమేం అవ్వాలో నన్నడిగితే నాకు తెలియదు.

నేను లారీ నడుపుతాను. నెలలో ఇరవై ఐదు రోజులు రోడ్డు మీద ఉంటాను, మిగిలినవి ఇంట్లో, అందులో సగం నిద్ర. ఎంత ఇరుకు సందులోకైనా బండిని వెనక్కి పెట్టమంటే పెడతాను. కాగితం చేతికిస్తే మాత్రం తల ఏదో తోక ఏదో తెలియదు. అందుకని మా ఇంట్లో కాగితాల పనంతా మా ఆవిడదే. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. మడత చూసి ఆ దుప్పటి ఏ వార్డుదో చెప్పగల మనిషి. ఈ ఇల్లు వెతికిందీ, బేరం చేసిందీ, లాయరమ్మని పట్టుకుందీ ఆవిడే. నేను ఫోన్లో "సరే", "కానివ్వు", "నువ్వే చూసుకో" అన్నాను. ఇల్లు కొనడంలో నా పాత్ర అంతే.

అమ్ముతున్నాయన రిటైరైన పళ్ళ డాక్టరు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. శుక్రవారం రిజిస్ట్రేషన్, ఆదివారం ఆయన ప్రయాణం. శుక్రవారం తప్పితే ఇంకొకళ్ళు కాచుకుని కూర్చున్నారని మొహమాటం లేకుండా ముందే చెప్పాడు. ఇటు మేముంటున్న అద్దె ఇంటివాళ్ళు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఈ ఇల్లు చెయ్యి జారితే మాకు పదో అద్దె ఇల్లు వెతుక్కోవాలి. ఇప్పటికి మారినవి తొమ్మిది. మారిన ప్రతిసారీ నేను ఎక్కడో రోడ్డు మీదున్నాను. సామాను కట్టిందీ విప్పిందీ మా ఆవిడే. ఒకసారైతే నేను ట్రిప్పు నుంచి వచ్చి అలవాటుగా పాత ఇంటి తలుపు కొట్టాను. ఎవరో తలుపు తీసి, మీకెవరు కావాలండీ అన్నారు. ఇన్నేళ్ళలో మా ఆవిడ నోరు తెరిచి నాకిది కావాలని అడిగిన వస్తువు లేదు. ఈ ఇంటిని అడిగింది. అందుకే ఆ వారమంతా సెలవు పెట్టి వచ్చాను.

సోమవారం లాయరమ్మ ఆఫీసుకి ఒక్కణ్ణే వెళ్ళాను, మా ఆవిడకి లాండ్రీలో పగటి డ్యూటీ. చెప్పుల దుకాణం మీద ఒక గది అది. గోడల పొడవునా అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా ఎవరిదో ఇంటి నంబరు. లాయరమ్మ చిన్న పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. మర్యాదగా కూర్చోబెట్టి, శుక్రవారంలోపు అవ్వాల్సిన పనుల జాబితా చదవడం మొదలుపెట్టింది. మీటర్ల రీడింగు ఎవరు తియ్యాలి, ఇన్సూరెన్సు ఏ రోజు నుంచి, హద్దుల పటం ఏ కాగితానికి జత, తాళాలు సంతకానికి ముందా తర్వాతా. నేను ప్రతిదానికీ తల ఊపాను. మధ్యలో ఒకచోట ఆ పిల్ల ఆగి, ఈ రెంటిలో మీకేది కావాలి అని అడిగింది. దానికీ తలే ఊపాను. చివరికి ఆ పిల్లకి జాలేసినట్టుంది, జాబితా మడిచి నా జేబులో పెట్టింది.

తర్వాత ఒక తెల్ల కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమంది. శుక్రవారం ఆఫీసరు ముందు పెట్టేది పాత కాగితాలతో సరిపోవాలట, ముందే చూసుకుంటే మంచిదట. ఇదొక్కటి నాకు అర్థమైంది. హాయిగా పెన్ను తీసుకుని పెట్టాను. లోడు దించిన ప్రతిచోటా పెట్టేదే కదా. ఒక మెలిక, దాన్నుంచి పక్కకి ఒక గీత. ఊరికే బర్రున లాగెయ్యడమే.

లాయరమ్మ దాన్ని చూసింది. ఆరు నెలల కిందటి అగ్రిమెంటు తీసి చూసింది. నా గుర్తింపు కార్డు, లైసెన్సు తీసి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఇది మీ సంతకమేనా అండీ?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మీ ఎదురుగానే పెట్టాను కదమ్మా, మధ్యలో ఇంకెవరైనా వచ్చి పెట్టారా అన్నాను. ఆ పిల్ల నాలుగు కాగితాలూ వరసగా నా ముందు పరిచింది. అగ్రిమెంటు మీదా, కార్డు మీదా, లైసెన్సు మీదా ఒకటే సంతకం ఉంది. ముచ్చటైన సంతకం. మొదట్లో కుండలాగా గుండ్రటి మెలిక, అందులోంచి సన్నగా సాగిన తోక, కింద పక్కపక్కనే రెండు చుక్కలు. మూడింటి మీదా అచ్చు గుద్దినట్టుంది. నాలుగో కాగితం మీద మాత్రం ఎవడో పెన్ను పనిచేస్తోందో లేదో చూసినట్టుంది. ఆ నాలుగోది నాది.

నాకు దిమ్మ తిరిగిపోయింది. ఆ మూడింటి మీదా ఉన్నది నా పేరే. కార్డు మీదున్నది నా మొహమే. సంతకం మాత్రం నేనెప్పుడూ చూడనిది. లాయరమ్మ నా మొహం చూసి తనే సర్దిచెప్పింది. బరువు పనులు చేసేవాళ్ళకి చెయ్యి తిరగడం మారిపోతుందట, చాలామందికి ఇదే ఇబ్బందట, పాతది ముందు పెట్టుకుని నాలుగుసార్లు రాస్తే అదే గుర్తొస్తుందట. శుక్రవారం లోపల రావాలి సుమా, లేకపోతే ఆఫీసరు తిప్పి పంపేస్తాడని చెప్పి, అగ్రిమెంటు జిరాక్సు ఒకటి చేతిలో పెట్టింది. నోట్లో వెలక్కాయ పడ్డవాడిలా మెట్లు దిగి వచ్చేశాను. చెప్పుల దుకాణం దాటి, రెండు సిగ్నళ్ళు దాటాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు.

మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే జిరాక్సు బల్ల మీద పెట్టి, ఇదెవరే పెట్టిందని అడిగాను. ఆవిడ సంచి దించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, తీరిగ్గా చూసింది.

"నేనే. ఇంకెవరు పెడతారు?"

ఏ మాత్రం తడబాటు లేదు. పైగా నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది. అగ్రిమెంటు ఇంటికి వచ్చిన రోజు నేను నాలుగు రోజుల దూరంలో ఉన్నానట. ఫోన్ చేస్తే నువ్వే పెట్టెయ్ అన్నానట. నా కార్డు పోతే కొత్తదానికీ అదే అన్నానట, లైసెన్సుకీ అంతే, మా కంపెనీ వాళ్ళు ఏటా పంపే ఫారాలకీ అంతే. పెళ్ళైన రెండో నెల నుంచీ అంతే. అన్నాను, కాదనను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పెట్టెయ్ అన్నానే గానీ, పెడితే అదెలా ఉంటుందో అని ఒక్కసారీ అడగలేదు. చూడలేదు కూడా.

మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి సంగతి విని, కడుపు పట్టుకుని నవ్వింది. "అయితే నాన్నా, ఇన్నాళ్ళూ నువ్వు అమ్మవన్నమాట" అంది. నవ్వే విషయం కాదని కసిరాను. కసిరితే ఇంకా నవ్వింది.

మా ఆవిడ మాత్రం దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంది. మూడు రోజులుంది కదా, నేర్పుతాను, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అంది. ఆ సాయంత్రమే వంటింటి బల్ల మీద పాత నోటుబుక్కు పెట్టి నన్ను కూర్చోబెట్టింది. నా పక్కనే నిలబడి, ముందు కుండ అంది. గీశాను. కుండ కాదు, నలిగిన సత్తు గిన్నె వచ్చింది. తోక లాగమంది. లాగితే కాగితం చిరిగింది.

"చెయ్యి వదులు చెయ్యవయ్యా. స్టీరింగు కాదది" అంది.

ఎంత వదులు చేసినా వేళ్ళు మాట వినవు. నలభై టన్నుల బండి వినే మాట ఒక పెన్ను వినకపోతే మనిషికి ఎలా ఉంటుంది? రెండుసార్లు పెన్ను విసిరాను. రెండుసార్లూ ఆవిడే తెచ్చి మళ్ళీ నా వేళ్ళ మధ్య పెట్టింది. తనొకసారి రాసి చూపించింది. అప్పుడు చూశాను ఆ చెయ్యి. కళ్ళు కాగితం మీద కూడా లేవు, పొయ్యి మీద పాల గిన్నె వైపున్నాయి. చెయ్యి దానంతటది తిరిగింది. కుండ, తోక, రెండు చుక్కలు. నా సంతకం అంత చక్కగా ఉంటుందని నాకేం తెలుసు.

మంగళవారం ఆవిడ డ్యూటీకి వెళ్ళాక ఒక్కణ్ణే కూర్చున్నాను. జిరాక్సులో సరిగ్గా కనపడ్డం లేదని, అసలు సంతకాలు చూసి నేర్చుకుందామని ఆవిడ కాగితాల పెట్టె దించాను. ఇరవై మూడేళ్ళ కాగితాలు, ఏడాదికో కట్ట, కట్టకో నాడా. అన్నిటి మీదా నేనే ఉన్నాను. తొమ్మిది అద్దె ఒప్పందాల మీద ఉన్నాను. అమ్మాయిని బళ్ళో చేర్చిన ఫారం మీద, తండ్రి అన్న చోట ఉన్నాను. ప్రతి ఏడూ మార్కుల కార్డు చూసి సంతకం పెట్టాను. ఒకదాని మీదైతే, "లెక్కల్లో శ్రద్ధ పెట్టిస్తాను" అని నా తరఫున మాట కూడా ఇచ్చాను.

అడుగున ఒక ఆసుపత్రి కాగితం దొరికింది. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు కడుపులో పేగు వాచి ఆపరేషన్ చేశారు. నేను అప్పుడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర మూడు రోజులు ఇరుక్కుపోయి ఉన్నాను. ఫోన్ కలవలేదు. ఇంటికొచ్చేసరికి పిల్ల మంచం మీద కూర్చుని బొమ్మలేసుకుంటోంది. అంతా బానే ఉంది, ఏం కంగారు లేదంది మా ఆవిడ. ఆ కాగితం మీద, ప్రాణానికి ప్రమాదం జరిగినా ఆసుపత్రిది బాధ్యత కాదు అని ఉంది. కింద తండ్రి సంతకం ఉంది. అదొక్కటే కుండ సరిగ్గా రాలేదు. గీత వణికింది. చుక్కలు రెండూ కలిసిపోయాయి.

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఈ సంతకానికి నేను పెట్టెయ్ అని కూడా అనలేదు. నా బిడ్డ ప్రాణానికి నేను పూచీ పడ్డాను, పడ్డానని నాకే తెలియదు. ఆ రోజు అక్కడ నిలబడింది మా ఆవిడ ఒక్కతే. కానీ కాగితం మీద చూస్తే నేను నిలబడ్డాను, ఆవిడ లేదు. ఇందులో ఎవరు ఎవరో నాకు అర్థం కాలేదు. కట్టలన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్దేసి, మళ్ళీ కుండలు గీయడం మొదలుపెట్టాను.

బుధవారం పొద్దున్నే ఇల్లు చూసుకోవడానికి వెళ్ళాం. కొనేముందు ఆఖరిసారి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేవో చూసుకోవాలని లాయరమ్మ జాబితాలో ఉంది. పళ్ళ డాక్టరుగారు పదకొండు తాళంచెవులున్న గుత్తి ఇచ్చాడు, ఒక్కోదానికి ఒక్కో చీటీ కట్టి ఉంది. వీధి తలుపు అని రాసినది స్టోరు గదికి పట్టింది. స్టోరు గది అన్నది దేనికీ పట్టలేదు. ఆయనకీ గుర్తులేదు. పై గదిలో గోడకి ఇంకా దంతాల పటం వేలాడుతోంది, అది ఉంచెయ్యమంటారా తీసెయ్యమంటారా అని ఆయన చాలా సీరియస్‌గా అడిగాడు. నేను కుళాయిలు తిప్పాను, స్విచ్చులు నొక్కాను, మీటరులో అంకెలు చూసి అరచేతి మీద రాసుకున్నాను. ఏ అంకె దేనిదో పది నిమిషాల్లో మర్చిపోయాను.

మా ఆవిడ ఇవేవీ పట్టించుకోలేదు. ఖాళీ వంటింట్లో నిలబడి, ఒక గోడ నుంచి ఇంకో గోడకి అడుగులతో కొలిచింది. కిటికీ తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తర్వాత నా వైపు తిరిగి, ఇక్కణ్ణించి ఇంక ఎవరూ ఖాళీ చెయ్యమనరు కదయ్యా అని అడిగింది. లేదన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి జేబులో వేళ్ళతో కుండ గీస్తోంది.

గురువారానికి సంతకం వచ్చేసింది. అక్షరాలా వచ్చేసింది. పొద్దున వరసగా ఇరవై పెడితే పద్దెనిమిది సరిపోయాయి. మా అమ్మాయి అసలు దాని పక్కన పెట్టి చూసి, ఏది నీదో ఏది అమ్మదో నాకే తెలియడం లేదు నాన్నా అంది. పొంగిపోయి లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఎదురుగా కూర్చుని పెట్టి చూపించాను. ఆ పిల్ల మొహం విప్పారింది.

"చూశారా, నేను చెప్పలేదూ? మన చెయ్యి మనకి ఎక్కడికి పోతుంది" అంది.

ఆ మెప్పు మింగుడు పడలేదు. ఆ పిల్ల ఇంకో కాగితం తీసి చదివింది. శుక్రవారం ఆఫీసరు ముందు నేను ప్రమాణం చేసి చెప్పేది అది. ఈ లావాదేవీకి సంబంధించిన పత్రాల మీద నా పేరున ఉన్న సంతకాలన్నీ నేను నా స్వహస్తాలతో చేసినవే అని. సరేనా అండీ అంది. సోమవారం అన్నిటికీ ఊపిన తల ఇప్పుడు ఊగలేదు. స్వహస్తాలతో అన్న మాట దగ్గర నా కళ్ళకి ఆ ఆసుపత్రి కాగితం మీద వణికిన గీత కనపడింది. అది నాదేనని ప్రమాణం చెయ్యమంటే ఎలా చేస్తాను?

నిజం చెప్పేశాను. మొదటి నుంచి చివరిదాకా. లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. నెమ్మదిగా విడమర్చి చెప్పింది. నేర్చుకున్న సంతకంతో దొంగ ప్రమాణం చేస్తే రేపు గడుస్తుందేమో గానీ, ఎప్పుడు బయటపడినా ఇల్లు పోతుంది. అసలైన నా సంతకంతో కొత్త కార్డు తెచ్చుకుని రావాలంటే నెలన్నర పడుతుంది, డాక్టరుగారు ఆగరు. ఇక మిగిలింది ఒకటే దారి. పాత అగ్రిమెంటు పక్కన పెట్టేసి, రేపటి కాగితాలు ఇవాళే తిరగరాసి, ఇల్లు నేరుగా మా ఆవిడ పేరున కొనడం. ఆవిడ కార్డు ఆవిడదే, ఆవిడ సంతకం ఆవిడే పెడుతుంది. అక్కడికక్కడే డాక్టరుగారికి ఫోన్ చేసింది. పేరు ఎవరిదైతే నాకేం, శుక్రవారం శుక్రవారమే అన్నాడాయన.

ఇంటికి నడుస్తుంటే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇరవై మూడేళ్ళు నిద్ర చంపుకుని బండి నడిపినవాడి పేరు ఆ ఇంటి కాగితాల్లో ఏ మూలా ఉండదు. ఎవరైనా అడిగితే, మా ఆవిడ ఇంట్లో ఉంటున్నానని చెప్పుకోవాలి. అలా అనుకోగానే, మా ఆవిడ ఇరవై మూడేళ్ళుగా ఎవరి ఇంట్లో ఉందని ఇంకో ప్రశ్న వచ్చింది. దాంతో కోపం కూడా సరిగ్గా నిలవలేదు.

మా ఆవిడ మాత్రం విని భగ్గుమంది. అంత చక్కగా నేర్చుకుని, అన్నీ కుదిరాక, ఆ పిల్లకి ఎందుకు చెప్పావని నిలదీసింది. నీ పేరు లేని ఇల్లు నాకెందుకంది. రేపు వెళ్ళి ఆ సంతకం పెట్టెయ్, ఎవరికి తెలుస్తుంది, అది నీ సంతకమే కదా అంది.

"కాదే. అది నీది" అన్నాను.

నేను ఆ ఆసుపత్రి కాగితం చూశానని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఉతికిన గుడ్డలు మడతపెడుతూ కూర్చుంది. ఆ కట్టంతా అయ్యాక, రేపు ఎన్నింటికి వెళ్ళాలని అడిగింది.

శుక్రవారం రిజిస్ట్రేషన్ ఆఫీసు కిటకిటలాడుతోంది. గోడ వారగా బెంచీలు, టోకెన్లు, గాజు పలక వెనక కళ్ళజోడు ఆఫీసరు, గాజు కింద దారంతో కట్టిన పెన్ను. మాది ముప్ఫై ఒకటో నంబరు. మా ఆవిడ లాండ్రీకి సెలవు పెట్టి, ఉన్న వాటిలో మంచి చెప్పులు వేసుకుని వచ్చింది. లాయరమ్మ, డాక్టరుగారు, మేమిద్దరం వెళ్ళి నిలబడ్డాం. మా వెనకే ముప్ఫై రెండూ, ముప్ఫై మూడూ వచ్చి మెడ మీద ఊపిరి వదులుతూ నిలబడ్డారు. డాక్టరుగారు మందుల చీటీ రాసినట్టు బరబరా గీకేసి పక్కకి తప్పుకున్నాడు. ఆఫీసరు కాగితం మా ఆవిడ వైపు జరిపి, ఇక్కడమ్మా అని వేలు పెట్టి చూపించాడు.

ఆవిడ వంగి, పెన్ను తీసుకుని, ఒక్క ఊపున పెట్టేసింది. ఆఫీసరు కాగితం తిప్పుకుని చూశాడు. ఆవిడ కార్డు చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇది మీ సంతకం కాదు కదమ్మా" అన్నాడు.

నేను తొంగి చూశాను. కుండ, తోక, రెండు చుక్కలు. కొనుగోలుదారు అని ఉన్న చోట, ఆవిడ పేరు పక్కన, నా సంతకం ఉంది. లాయరమ్మ మొహం తెల్లబోయింది. మా ఆవిడ ఆ కాగితాన్ని ఎవరో వేరేవాళ్ళు పెట్టినట్టు చూస్తోంది. తన చేతిని కూడా చూసుకుంది. ఆఫీసరు పెదవి విరిచాడు గానీ, లాయరమ్మ అప్పటికే సంచిలోంచి రెండో ప్రతి తీసి, అలవాటులో పొరపాటు అయిందండీ, తాజా కాగితం ఉంది అని గాజు కిందికి తోసింది. ఆయన దాని మీద డాక్టరుగారి చేత మళ్ళీ గీకించి, ఈసారైనా జాగ్రత్తమ్మా అన్నాడు.

ఆవిడ మళ్ళీ వంగింది. పెన్ను కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది. నాకు అప్పుడు తట్టింది. లాండ్రీలో హాజరుకి వేలిముద్ర మిషను. మిగిలిన ప్రతి కాగితం మీదా నేనే. ఆవిడ కార్డు మీదున్న సంతకం పద్దెనిమిదో ఏట, మా పెళ్ళికి ముందు, పూర్తి పేరు అక్షరం అక్షరం విడిగా రాసింది. ఆ తర్వాత ఆవిడ పేరు ఆవిడ చేత్తో రాయించిన కాగితం మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఏ కాగితం గురించీ నన్ను సలహా అడగని మనిషి.

"ఏమయ్యా, నాది ఎలా పెట్టాలి?" అంది, నాకు మాత్రమే వినపడేలా.

మూడు రోజులు పక్కన నిలబడి నాకు నా సంతకం నేర్పింది. ఆవిడది నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు తెలియదే అన్నాను. నిజంగానే తెలియదు. గాజు మీదున్న ఆవిడ కార్డుని ఆవిడ వైపు తిప్పి పెట్టాను, చేతనైంది అంతే. ఆవిడ దాన్ని చూసి, కాగితం చూసి, పెన్ను గట్టిగా పట్టుకుని, పలక మీద దిద్దే పిల్లలా మొదటి అక్షరం రాసింది. ఆగింది. రెండో అక్షరం మొదలుపెట్టింది.

వెనక ముప్ఫై రెండో నంబరువాడు నిట్టూర్చాడు. ఇంకెవరో, పేరు రాయడానికి ఇంతసేపేంటండీ, భోజనాల టైమవుతోంది, త్వరగా కానివ్వండి అన్నారు. ఆఫీసరు కూడా గడియారం చూశాడు. నాకు మండుకొచ్చింది. వెనక్కి తిరిగి, ఆవిడకీ వాళ్ళకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.

"ఆగండయ్యా. మా ఆవిడ సంతకం పెడుతోంది" అన్నాను.